నైరోబీకి తమ్ముడు మా వరుణ్ ఎన్‌క్లేవ్

ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు రాని కాలనీకి చరిత్రలో చోటు లేదు!

ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. ముప్పైరెండేళ్ల పాటు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో, మూడో అంతస్తులో, ఫ్యాను ఒక్కటే ఉన్న గదిలో రెండువందల మంది పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పినవాణ్ణి. పేరు రామమోహనరావు. పుట్టింది తెనాలి దగ్గర. ఉండేది ఎల్.బి.నగర్ మెట్రో దిగి ఆటో ఎక్కితే పావుగంటలో వచ్చే వరుణ్ ఎన్‌క్లేవ్‌లో. చరిత్ర తెలిసినవాడు ఊరికే మాట్లాడడు.

ప్రస్తుతం మా ఇంటి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. చేతిలో బ్రష్షు ఉంది. కాళ్ల దగ్గర కాఫీపొడి రంగు పెయింటు డబ్బా ఉంది. ఆ డబ్బా సంగతి తర్వాత చెబుతాను. ముందు నీళ్ల సంగతి.

జూబ్లీహిల్స్‌లో ఉండేవాళ్లను తలుచుకుంటే నాకు జాలి. వాన వాళ్ల గేటు ముందు నుంచి జారిపోతుంది. కనీసం లోపలికి తొంగి చూడదు. మా ఇంటికి అలా కాదు. వస్తే మూడు రోజులుంటుంది. హాల్లో ఉంటుంది, పడకగదిలో ఉంటుంది, వంటింట్లో అన్ని డబ్బాలూ మూత తీసి చూస్తుంది. చుట్టరికం అంటే అదీ!

"ఇదేం వరం మాస్టారూ, బురద కదా" అంటారా? మీకు నైరోబీ గురించి తెలియదన్నమాట.

తెలిసినవాళ్లకు కూడా తెలిసింది ఒక్క ముక్కే. మా కోచింగ్ సెంటర్ మెటీరియల్లో నూట పద్నాలుగో ప్రశ్న అది. కెన్యా రాజధాని నైరోబీ మొదట ఏమిటి? ఎ. రేవు, బి. కోట, సి. రైల్వే డిపో, డి. పైవేవీ కావు. పిల్లలందరూ 'సి' మీద టిక్కు పెట్టి నూట పదిహేనుకు వెళ్లిపోతారు. ముప్పైరెండేళ్లలో ఒక్కరు కూడా 'సి' దగ్గర ఆగలేదు. పరీక్షలో ఆగితే టైము చాలదు కదా.

నేను ఆగుతాను. రిటైరయ్యాను కాబట్టి టైముంది.

ఇంగ్లీషువాళ్లు సముద్రపు ఒడ్డున మొంబాసాలో మొదలుపెట్టి, లోపల ఉన్న పెద్ద సరస్సు దాకా రైలు పట్టాలు వేసుకుంటూ పోతున్నారు. పట్టాలు మోసేవాళ్లు మన దేశం నుంచి ఓడలెక్కించి తీసుకెళ్లినవాళ్లు. 1899లో ఒకచోట ఆగారు. ముందు కొండలు, ఎక్కడం కష్టం. ఎక్కేముందు సామాను దించుకోవడానికి చదునైన జాగా కావాలి. దొరికింది! చీపురు పెట్టి ఊడ్చినట్టు చదునుగా ఉంది. గుడారాలు వేశారు. షెడ్లు వేశారు. బజారు వెలిసింది.

ఆ జాగాను అంత చదునుగా ఎవరు చేశారని మాత్రం ఎవరూ అడగలేదు. నీళ్లు చేశాయి. అది చిత్తడి నేల.

అక్కడి మసాయి వాళ్లు ఎన్నో తరాలుగా పశువులను అక్కడికి తోలుకొచ్చి, నీళ్లు తాగించి, తిరిగి మెరక మీదికి వెళ్లిపోయేవారు. అక్కడ ఊరు కట్టలేదు. ఎందుకు కట్టలేదని ఇంగ్లీషువాళ్లు వాళ్లను అడగలేదు. పేరేమిటని మాత్రం అడిగారు. చల్లని నీళ్లని అర్థం వచ్చే మాటేదో వాళ్లు చెప్పారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని శ్రద్ధగా రాసుకుని, బోర్డు మీద పెట్టుకుని, ఆ నీళ్లలోనే ఊరు కట్టారు!

ఇక వానలు వచ్చాయి. ఊరంతా బురద. మురుగు ఎటూ పోదు. ఎలుకలొచ్చాయి, ప్లేగు వచ్చింది, మనవాళ్ల బజారును తగలబెట్టించారు. ఈ ఊరు మనుషులుండే చోట పెట్టలేదు, ఇంకో చోటికి మార్చండని డాక్టర్లు మొత్తుకున్నారు. మార్చారా? మార్చలేదు. మార్చకపోగా, మొంబాసాను పక్కకు నెట్టి దాన్నే రాజధాని చేసి కూర్చోబెట్టారు! తర్వాత ఇంగ్లీషువాళ్లు పోయారు, దేశానికి స్వతంత్రం వచ్చింది, రాజధాని మాత్రం అదే. ఇప్పటికీ పెద్ద వాన పడితే అక్కడ వీధులు మునుగుతాయి.

దీన్నిబట్టి తేలిందేమిటి? మునిగే ఊరే రాజధాని అవుతుంది. వరుణ్ ఎన్‌క్లేవ్ ఇంకా ఎందుకు కాలేదన్నదే ప్రశ్న!

మా కాలనీ చరిత్ర చెబుతాను, మీరే పోల్చుకోండి. ఇరవై ఏడేళ్ల కిందట మా బిల్డర్ ఈ జాగాకు వచ్చాడు. అటువైపు మెరక, రాళ్లు, ఎక్కడం కష్టం. ఇటువైపు చీపురు పెట్టి ఊడ్చినట్టు చదును. "లెవెలింగ్ ఖర్చు కూడా లేదు సార్" అని మురిసిపోయాడు. ఇక్కడి రైతులను పేరేమిటని అడిగాడు. చాకలోని కుంట అన్నారు. ఆ పేరు బ్రోచర్లో బాగుండదని తన కొడుకు వరుణ్ పేరు పెట్టాడు. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషువాళ్లే నయం, పేరైనా ఉంచారు.

మరి కొనేటప్పుడు మీకు కళ్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి! నాలుగు కళ్లు, నా కళ్లద్దాలతో కలిపి. కానీ మేం కొన్నది అక్షయ తృతీయ నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇది మనవాళ్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ దొరకని ఏర్పాటు. కొత్త స్థలం అక్షయ తృతీయ నాడు కొంటే మంచిది. అక్షయ తృతీయ ఎండాకాలంలో వస్తుంది. ఆ ఎండకు కుంట అడుగు పగిలి, నెర్రెలు విచ్చి, ఆవులు కూడా అటు రాని పరిస్థితి. నాలాంటి కోచింగ్ మాస్టర్లకు పరీక్షలైపోయి తీరిక దొరికేదీ అప్పుడే. గుంటూరు నుంచి, గుడివాడ నుంచి బంధువులను వెంటబెట్టుకుని వచ్చాం. మట్టి చేతిలోకి తీసుకుని చూశాం. పొడిగా ఉంది. నల్లగా ఉంది. "నేల బ్రహ్మాండం" అన్నాం.

మరి వానాకాలంలో చూడొచ్చు కదా? ఎలా చూస్తాం! అది ఆషాఢం. ఆషాఢంలో ఎవరైనా స్థలం చూస్తారా? ఇల్లు మారతారా? శుభమా అని వెళ్లి ఆషాఢంలో గేటు తట్టేవాడు ఎవడైనా ఉంటాడా? శ్రావణం వచ్చేసరికి బిల్డర్‌గారు పంపులు పెట్టి తోడించి, పైన ఎర్రమట్టి పోయించి, గేటుకు మామిడాకులు కట్టించేవాడు. ఇలా కుంటను కుంటగా కొన్నవాడు మా కాలనీలో ఒక్కడూ లేడు. చూడాల్సిన నెలలో చూడకపోవడం అనే ఒక్క ఆచారం మీద మూడువందల ఇళ్లు లేచాయి.

వాస్తు కూడా చూపించాం. ఈశాన్యంలో నీళ్లుండాలన్నాడు సిద్ధాంతి. ఉన్నాయి. ఆగ్నేయంలోనూ ఉన్నాయి. నైరుతిలో మంచం కింద కూడా ఉన్నాయి. ఎనిమిది దిక్కులా నీళ్లున్న ఇంటికి దోషమెలా వస్తుంది?

ఇక వరాల జాబితా తీస్తే పేపరు చాలదు. పాత సామాను పారేయమని మా ఆవిడ ఇంద్రాణి పదేళ్లు అడిగింది. ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది! వంటింట్లో ఉండాల్సిన ఫ్రిజ్ తనంతట తానే పూజగది గుమ్మం దాకా నడిచొచ్చి నిలబడింది. మా ఎదురింటి కారులోంచి రెండు జిలేబీ చేపలు దొరికాయి, బతికే ఉన్నాయి. బాలాపూర్ లడ్డూను వేలంలో పాడుకునే భాగ్యం మాకు లేకపోవచ్చు గాని, మా కాలనీ వినాయకుణ్ణి నిమజ్జనానికి లారీ ఎక్కించాల్సిన పని ఆ పెద్ద వరద వచ్చిన ఏడాది లేకపోయింది. స్వామివారు ఐదో రోజే, మండపంలోనే, మా సాయం లేకుండా నిమజ్జనమైపోయారు.

నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునే కుర్రాడొకడు, మా పాత విద్యార్థి తమ్ముడు, ఒక సంగతి చెప్పాడు. వాన వెలిశాక పైనుంచి చూస్తే మా కాలనీ గుండ్రంగా, అంచు గీసినట్టు కనిపిస్తుందట. ఏ కాలనీకి ఉంది అంత రూపం?

సరే, ఇప్పుడు కాఫీపొడి రంగు.

మా కాలనీకి వచ్చినవాళ్లందరూ ముందు మెచ్చుకునేది గోడలను. ప్రతి ఇంటి గోడా నేల నుంచి నాలుగడుగుల దాకా కాఫీపొడి రంగు, ఆ పైన మీగడ రంగు. మూడువందల ఇళ్లూ అంతే. ఎంత క్రమశిక్షణ, ఎంత అభిరుచి అంటారు. అది అభిరుచి కాదండీ, అసోసియేషన్ తీర్మానం. నీళ్లు తగ్గాక గోడ మీద ఒక గీత మిగులుతుంది. ఎంత కడిగినా పోదు. మీగడ రంగు మీద బాగా కనిపిస్తుంది, కాఫీపొడి రంగు మీద కనిపించదు. అందుకని ప్రతి ఏడూ ఎండాకాలం చివర, అద్దెకు చూసేవాళ్లు వచ్చే రోజుల్లో, అందరం కలిసి ఒక కోటింగు వేస్తాం. రంగు డబ్బాలు మా ప్రెసిడెంటు వెంకటేశ్వరరావుగారు ఒకేసారి తెప్పిస్తారు. మొదట్లో మూడడుగులు వేసేవాళ్లం. ఆ ఏడాది తర్వాత నాలుగుకు పెంచాం.

ఇంకో తీర్మానం కూడా ఉంది. అది కాగితం మీద లేదు. ఎవరైనా నీళ్ల గురించి అడిగితే గాలి గురించి చెప్పాలి. మా కాలనీలో ఇళ్లున్న వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు పై అంతస్తులు వేసుకుని అక్కడికి మారిపోయారు. ఎందుకు మారారని అడగండి. గాలి కోసం! మూడువందల కుటుంబాలకు ఒక్కసారిగా గాలి మీద మనసైంది. కింది పోర్షన్లన్నిటికీ టు-లెట్ బోర్డులు.

మేమూ మారాం, గాలి కోసమే. ఆ వరద రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఇంద్రాణి వంటగట్టు మీద, ఒళ్లో మిక్సీ పెట్టుకుని కూర్చుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరుక్కుపోయాను. నీళ్లు స్విచ్ బోర్డు అంచు దాకా వచ్చి, ఏమనుకున్నాయో ఏమో, ఆగాయి. నేను నడుం లోతులో నడిచొచ్చి తలుపు తోసేసరికి ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "ఏవండీ, మనం పైకి పోదాం" అని ఒక్క మాట అంది. అప్పటి నుంచి కిందికి దిగినప్పుడల్లా ఆవిడ వంటింటి వైపు చూడదు.

ఇదిగో, ఇంతవరకూ సాఫీగా వచ్చాను. ఇక పోయిన ఆదివారం సంగతి చెప్పాలి.

కింది పోర్షన్ చూడ్డానికి స్వప్న అని ఒక అమ్మాయి వచ్చింది. హయత్‌నగర్ నుంచి. మందుల షాపులో ఫార్మసిస్టు. నెమ్మదిగా మాట్లాడుతుంది, అన్నీ చూస్తుంది. వాళ్లమ్మ యాదలక్ష్మికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిందట. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, మెట్లు ఎక్కలేదు. ఇప్పుడుంటున్నది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆరువారాలుగా ఆవిడ ఆ ఇంట్లోంచి బయటికి రాలేదట. అందుకని స్వప్నకు కావలసింది ఒకటే. గ్రౌండ్ ఫ్లోర్. అదీ ఈ గురువారం లోపల, ఎందుకంటే శుక్రవారం నుంచి ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు మారితే వాళ్లమ్మ ఒప్పుకోదు.

ఇల్లంతా చూసింది. బాత్రూంలో వాకర్ తిరుగుతుందా అని జానతో కొలుచుకుంది. గోడ రంగు బాగుందంది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి అడిగింది.

"అంకుల్, వానాకాలం నీళ్లొస్తయా?"

కాలనీ తీర్మానం ప్రకారం నేను గాలి గురించి చెప్పాలి. కానీ చరిత్ర మాస్టర్ని, అంత చౌకగా తప్పించుకోను. నైరోబీ చెప్పాను! మీకు ఇందాక చెప్పినదంతా, ఇంతకంటే బాగా, చేతులు తిప్పుతూ చెప్పాను. చిత్తడి నేలలో పెట్టిన ఊరు ఎంతటిదైందో చెప్పాను. అడిగినదానికి జవాబు తప్ప అన్నీ చెప్పాను. మా క్లాసుల్లో ఈ పద్ధతి ఎప్పుడూ పనిచేసేది.

ఆ అమ్మాయి సాంతం వింది. తర్వాత, ముప్పైరెండేళ్లలో ఎవరూ ఆగని 'సి' దగ్గర ఆగింది.

"డాక్టర్లు చెప్పిన్రు కద అంకుల్, మరి ఊరు ఎందుకు మార్చలే?"

ఇప్పటికే ఆలస్యమైపోయిందని అక్కడి పెద్దలు తేల్చేశారమ్మా అన్నాను. షెడ్లు కట్టేశారు, పట్టాలు వేసేశారు, ఇక మార్చలేం అనుకున్నారు.

"అప్పటికి ఊరు పెట్టి ఎన్నేండ్లయింది?"

లెక్క వేశాను. వేసి చెప్పాను. ఏడెనిమిదేళ్లు.

"ఎనిమిదేండ్లకే లేటయిందా?" అంది.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. నూట పద్నాలుగో ప్రశ్నకు ఆ ఆప్షన్ ఇవ్వలేదు.

ఆలోచించి గురువారం లోపల చెబుతాననీ, మీరు కూడా అప్పటిదాకా ఎవరికీ ఇవ్వొద్దనీ బతిమాలి ఆ అమ్మాయి గేటు దాటింది. గేటు అవతల అండాలమ్మగారు నిలబడి ఉన్నారు.

అండాలమ్మగారిది ఇక్కడి పాత రైతు కుటుంబం. మెరక మీద వాళ్ల ఇల్లు. ఈ కాలనీ కింద ఉన్న భూమి ఒకప్పుడు వాళ్లదే. వరసగా మూడేళ్లు వానలు లేనప్పుడు ఆవిడ భర్త రామచంద్రంగారు దాన్ని బిల్డర్‌కు అమ్మేశారు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఆవిడ మాత్రం రోజూ సాయంత్రం ఇలా ఒక చుట్టు తిరిగి వెళ్తారు. మా ఇళ్లను చూస్తారో, కుంటను చూస్తారో నాకు తెలియదు.

స్వప్నతో గేటు దగ్గరే రెండు ముక్కలు మాట్లాడి, ఆ అమ్మాయి ఆటో ఎక్కాక ఆవిడ నా వైపు తిరిగారు.

"గా బిడ్డ తల్లికి నడువరాదంట సారూ. నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

నేనే చెబుతాను అన్నాను. ఆవిడ తలూపి, మెరక ఎక్కి వెళ్లిపోయారు. ఆ నడక చూస్తుంటే రామచంద్రంగారు గుర్తొచ్చారు. ఆయన కూడా ఒకసారి ఇలాగే మా గేటు ముందు నిలబడ్డారు.

అది కాలనీ పెట్టిన రెండో ఏడు. అప్పటికి మొదలైనవి పదకొండు ఇళ్లు. అందులో సగం పునాదుల మీదే ఉన్నాయి. మొదటి వానాకాలం పదకొండు చోట్లకీ నీళ్లు వచ్చాయి. అటు కుంట పూడిపోయాక రామచంద్రంగారి బావి ఎండిపోయింది. ఆయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు.

"ఇంకా పదకొండిండ్లే గద సారూ. మెరకకు రాండ్రి. గజానికి గజం నేనిస్త. నా కుంట నాకిడిసిపెట్టున్రి."

అప్పుడే కొత్తగా అసోసియేషన్ పెట్టుకున్నాం. మీటింగు జరిగింది. వాస్తు చూపించుకున్నాం కదా అన్నారు ఒకరు. గృహప్రవేశం అయిపోయింది కదా అన్నారు ఇంకొకరు. కొన్నది తప్పని ఒప్పుకుంటే తెనాలిలో తలెత్తుకోలేమన్నాడు మరొకడు. చివరికి ఆయనకు మర్యాదగా ఒక ఉత్తరం రాయాలని నిర్ణయించారు. తమరి సూచన హర్షణీయమనీ, అయితే నిర్మాణాలు మొదలైనందువల్ల ఇప్పటికే చాలా ఆలస్యమైపోయిందనీ, ఇక మార్చడం సాధ్యం కాదనీ.

ఆ ఉత్తరం రాసింది కాలనీ మొదటి సెక్రటరీ. భాష మీద పట్టున్నవాడు, చరిత్ర తెలిసినవాడు. తెనాలిలో తలెత్తుకోలేమన్న మనిషి కూడా అతనే. ఆ ఉత్తరం పోస్టు చేసిన వారంలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో, మూడో అంతస్తు గదిలో, నూట పద్నాలుగో ప్రశ్న చెప్పి పిల్లలను నవ్వించాడు కూడా. ఇంగ్లీషువాళ్లు ఎంత తెలివితక్కువవాళ్లో చూడండర్రా అని.

అతనే ఇప్పుడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో బ్రష్షుంది.

నైరోబీని మార్చలేమన్నవాళ్లకు ఊరి వయసు ఎనిమిదేళ్లు. మాకు రెండే! పదకొండు ఇళ్లప్పుడు ఆలస్యమైపోయింది. నలభై ఇళ్లప్పుడు, కనీసం నీళ్లు పోయే కాలువైనా వదలండి అన్నారు రామచంద్రంగారు, అప్పుడూ ఆలస్యమైపోయింది. నూటయాభై ఇళ్లప్పుడు ఆ కాలువ మీద కమ్యూనిటీ హాలు కట్టుకున్నాం. ఆలస్యమైపోయిందనే మాట మేం ఎప్పుడూ వేళకే అన్నాం. ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు.

నిన్న ఇంద్రాణి పై నుంచి దిగి, రంగు డబ్బా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఏమైనా అంటుందేమోనని ఎదురు చూశాను. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి కింది వంటింట్లోకి వెళ్లింది. వంటగట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

"ఇక్కడికి ఎక్కడానికి నాకు కాళ్లున్నాయి కాబట్టి సరిపోయింది" అంది.

ఫోన్ తీసి స్వప్నకు చేశాను. నైరోబీ చెప్పలేదు. నీళ్లు వస్తాయమ్మా, స్విచ్ బోర్డు దాకా వస్తాయి, మీ అమ్మగారిని ఇక్కడికి తీసుకురావద్దు అని చెప్పాను. ఆదివారమే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే అన్నాను. ఆ అమ్మాయి రెండు రోజుల్లో మళ్లీ ఇల్లు వెతుక్కోవాలి, దొరక్కపోతే ఆ తల్లి ఇంకో నెల ఆ గదిలోనే ఉండాలి. నా నిజం వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. రెండు రోజులు పోయాయి, అంతే. అయినా థ్యాంక్స్ అంకుల్ అని పెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ సంగతి సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో చేరింది. ఎలా చేరిందో తెలియదు గాని, మా వాళ్లకు నీళ్లొస్తే తెలియకపోయినా ఇలాంటివి వస్తే వెంటనే తెలుస్తాయి. ప్రెసిడెంటు వెంకటేశ్వరరావుగారు స్వయంగా వచ్చారు. పెద్దమనిషి, గొంతు పెంచలేదు. కాలనీ పరువు అందరిదీ అన్నారు. మీరొక్కరు రంగు వేయకపోతే పక్కింటివాళ్ల గోడలు కూడా అనుమానం తెప్పిస్తాయన్నారు. సరే, అందరం చెప్పేద్దాం, కమ్యూనిటీ హాలు తీసేసి కాలువ తెరుద్దాం అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"ఇప్పుడా? ఇప్పటికే చాలా ఆలస్యమైపోయింది మాస్టారూ" అన్నారు.

ఆ వాక్యం నాదే. నా ఉత్తరంలోదే, అక్షరం పోకుండా. ఇరవై ఐదేళ్లుగా కాలనీలో ఎంత బాగా నిలిచిందో చూసి, రాసినవాడికి ఉండాల్సిన గర్వం నాకు కలగలేదు.

పాఠకులారా, మునగడం వరమని మొదట్లో వాదించాను. ఆ వాదన వెనక్కి తీసుకోను. నా వయసులో తీసుకుంటే బాగుండదు. అయితే ఆ వరం పొందేవాడు కళ్లు తెరుచుకుని పొందాలని మాత్రమే ఇప్పుడు అంటున్నాను.

అందుకని ఇవాళ పొద్దున గోడకు రంగు వేయలేదు. పాత రంగు వెలిసి లీలగా బయటపడ్డ నీళ్లగీతను చాక్‌పీసుతో ఇంకొంచెం స్పష్టంగా గీసి, పక్కన ఆ వరద తేదీ వేశాను. ముప్పైరెండేళ్లు బోర్డు మీద తేదీలు వేసిన చెయ్యి, నిలువుగా, అందంగా వచ్చింది. తెచ్చిన డబ్బా పారేయడం ఎందుకని, ఆ కాఫీపొడి రంగుతోనే ఒక అట్ట మీద బోర్డు రాసి గేటుకు తగిలించాను.

దాని మీద ఇలా ఉంది: గ్రౌండ్ ఫ్లోర్ ఖాళీ. ఆషాఢంలో వచ్చి చూడండి.